పేరు ముందు ‘రెవరెండ్’ ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి

క్రైస్తవ సభ ఆహ్వాన పత్రిక ప్రెస్సుకు వెళ్లబోతోంది. వాక్యం చెప్పడానికి వచ్చే ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి. ఒకరి పేరు ముందు ‘రెవ.’, ఇంకొకరికి ‘పాస్టర్’, మూడో ఆయనకు ‘డా. రెవ.’. చూసిన ప్రతివాళ్లూ ఒక సలహా ఇస్తారు. అందరికీ రెవరెండ్ అని పెట్టేస్తే గొడవ ఉండదు కదా అంటారు ఒకరు. వయసులో పెద్దాయనకు ‘రైట్ రెవరెండ్’ అంటే నిండుగా ఉంటుంది అంటారు ఇంకొకరు.

నేను ఇలాంటి పత్రికలు చాలా ఏళ్లుగా రాసిపెడుతున్నాను. మొదట్లో నేనూ అందరికీ పెట్టేసేవాణ్ని. ఒకసారి ఇంకా అభిషేకం పొందని, అంటే సంఘం క్రమప్రకారం సేవకు నియమించని, ఒక యువ సేవకుడి పేరు ముందు రెవరెండ్ అని అచ్చు వేయించాను. ఆయన సభకు వచ్చి, పత్రిక తెరిచి, తన పేరు చూసుకుని తల దించుకున్నారు. పక్కనే కూర్చున్న పెద్దలు ఆ పత్రికా చూశారు, ఆయన్నూ చూశారు. గౌరవం ఇస్తున్నాననుకుని ఆయన్ను పదిమందిలో ఇబ్బంది పెట్టాను. ఆ తర్వాత ఏ పేరు ముందు ఏ మాట ఎందుకు వస్తుందో పట్టుబట్టి తెలుసుకున్నాను. అదే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందు ఆ మాట ఏమిటో చూడండి

‘రెవరెండ్’ లాటిన్‌లోని ‘రెవరెండుస్’ నుంచి వచ్చింది. ‘గౌరవించవలసిన’ అని అర్థం. ఇది నామవాచకం కాదు, విశేషణం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం తప్పులు వాటంతట అవే పోతాయి.

మన ‘పూజ్య’ అనే మాటనే తీసుకోండి. ‘పూజ్య ఫలానా గారు వచ్చారు’ అంటాం. ‘పూజ్య వచ్చారా?’ అని అడగం. ‘మా ఊరికి కొత్త పూజ్యను వేశారు’ అనీ అనం. రెవరెండ్ కూడా అచ్చంగా ఇలాంటిదే. అది పేరు ముందు నిలబడే మాట, ఒంటరిగా నిలబడేది కాదు. ఇంగ్లిషులో 15వ శతాబ్దంలో ఈ మాటను గౌరవించదగిన ఎవరికైనా వాడేవారు. 17వ శతాబ్దం వచ్చేసరికి అది దైవసేవకుల పేర్ల ముందు స్థిరపడింది.

కాబట్టి రెవరెండ్ ఒక ఉద్యోగం కాదు, డిగ్రీ కాదు, ప్రమోషన్ కూడా కాదు. ఒక దైవసేవకుడి విషయంలో నాలుగు వేరువేరు సంగతులు ఉంటాయి. మనం వాటిని కలిపేయడం వల్లే ఇన్ని చిక్కులు.

మొదటిది అభిషేక క్రమం, అంటే డీకన్, గురువు (ప్రీస్టు), బిషప్. రెండోది ఆయన చేసే పని. పాస్టర్, వికార్, రెక్టర్, చాప్లిన్ లాంటివి ఇందులోకి వస్తాయి. మూడోది చదువు, అంటే డాక్టర్. నాలుగోది, ఇవన్నీ చూసి మనం చేర్చే గౌరవవాచకం. రెవరెండ్ ఈ నాలుగో దానికి చెందింది. పని మారవచ్చు, ఊరు మారవచ్చు, చదువు తర్వాత రావచ్చు. అభిషేకం ఉన్నంతకాలం ఈ గౌరవవాచకం ఉంటుంది.

మిగతా మాటల అర్థాలు కూడా తెలుసుకుంటే ఎప్పుడు ఏది వాడాలో సులువుగా తడుతుంది. పాస్టర్ అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి. అందుకే తెలుగులో సంఘ కాపరి అంటాం. బిషప్ గ్రీకు ‘ఎపిస్కొపోస్’ నుంచి వచ్చింది. పైనుంచి కనిపెట్టి చూసేవాడని అర్థం. తెలుగు బైబిల్లో అధ్యక్షుడు అన్నది ఈ మాటకే. డీకన్ అంటే పరిచారకుడు. ప్రెస్బిటర్ అంటే పెద్ద. వికార్ అంటే ఒకరి బదులుగా పని చేసేవాడు. చూడండి, ఇవన్నీ బాధ్యతను చెప్పే పేర్లే. గౌరవాన్ని చెప్పే మాట రెవరెండ్ ఒక్కటే.

ఇక్కడే ఇంకో చిన్న జాగ్రత్త. చాలా పత్రికల్లో, బ్యానర్లలో ‘రెవరెంట్’ అని కనిపిస్తుంది. అది వేరే మాట. రెవరెంట్ అంటే భక్తి, గౌరవం చూపేవాడు. రెవరెండ్ అంటే గౌరవం అందుకోదగినవాడు. చివరి అక్షరం ‘డ్’ అయి తీరాలి. ప్రూఫ్ చూసేటప్పుడు ముందుగా ఇదే చూడండి.

మొదటి మెట్టు: అభిషేకం జరిగిందా అని తెలుసుకోండి

పేరు ముందు రెవరెండ్ రాయాలంటే కావలసింది ఒక్కటే. ఆయన సంఘం ఆయన్ను క్రమప్రకారం అభిషేకించి ఉండాలి. కథోలికులు దీన్ని గురుపట్టాభిషేకం అంటారు. చాలామంది ప్రొటెస్టెంట్లు ఆర్డినేషన్ అనే అంటారు. బైబిలు కళాశాలలో చదువు పూర్తయినంత మాత్రాన అది అభిషేకం కాదు. సంఘంలో పదేళ్లు వాక్యం చెప్పినా అది అభిషేకం కాదు. సువార్తికులు, సండే స్కూలు టీచర్లు, సంఘ పెద్దలు ఎంత గొప్ప సేవ చేసినా ఈ మాట వారికి రాదు. అంటే వారు తక్కువని కాదు. వారికి వేరే పేర్లు ఉన్నాయి, అవి రాయండి. బ్రదర్, సువార్తికులు, సంఘ పెద్ద అని రాస్తే వారికి దక్కాల్సిన గౌరవం దక్కుతుంది.

‘పాస్టర్ అంటే రెవరెండే కదా’ అనుకోకండి. పాస్టర్ అనేది పని. కొన్ని సంఘాల్లో అభిషేకానికి ముందే ఒక సంఘాన్ని అప్పగిస్తారు. అప్పటికి ఆయన పాస్టరే, రెవరెండ్ కాదు. దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. సెమినరీలో పాఠాలు చెప్పే అభిషిక్తుడికి సంఘం ఉండకపోవచ్చు. ఆయన రెవరెండే, పాస్టర్ కాకపోవచ్చు.

ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఫీజు కట్టి తెప్పించుకునే సర్టిఫికెట్ల గురించి కూడా నన్ను అడుగుతుంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వెనుక ఒక సంఘం, పరీక్షించిన పెద్దలు, చేతులు ఉంచి ప్రార్థించిన వారు లేకపోతే, ఆ మాట ఎవరి తరఫున ఇచ్చిన గౌరవం? పత్రిక రాసేవాళ్లు విచారణ అధికారులు కారు, ఎవరినీ నిలదీయనవసరం లేదు. ఏ సంఘంలో, ఎప్పుడు అభిషేకం పొందారని మర్యాదగా అడిగితే చాలు. చెప్పగలిగినవారు సంతోషంగా చెబుతారు.

ఈ మాట మీద హక్కు ఎవరిది?

ఒక సంఘానికే ఈ మాట మీద హక్కుందా అనే ప్రశ్న ఇంగ్లండులో కోర్టు దాకా వెళ్లింది. ఆ కథ ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లింకన్‌షైర్‌లోని ఓస్టన్ ఫెర్రీ అనే ఊళ్లో హెన్రీ కీట్ అనే వెస్లియన్ మెథడిస్టు సేవకుడు ఉండేవారు. ఆయన కూతురు చనిపోయింది. ఆమె సమాధి రాయి మీద, ఆమె ‘వెస్లియన్ సేవకుడు రెవ. హెచ్. కీట్’ కుమార్తె అని చెక్కించాలని ఆయన కోరిక. సమాధుల తోట చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆలయానిది. అక్కడి వికార్ ఒప్పుకోలేదు. రెవరెండ్ అనే మాట తమ సంఘం గురువులకే చెందుతుందన్నారు. లింకన్ బిషప్ కూడా వికార్ వైపే నిలిచారు. కింది చర్చి కోర్టుల్లో కీట్ ఓడిపోయారు. చివరికి విషయం ప్రీవీ కౌన్సిల్ అనే పై న్యాయస్థానం ముందుకు వచ్చింది.

1876లో తీర్పు వచ్చింది. రెవరెండ్ అనేది చట్టం ఇచ్చిన బిరుదు కాదని, అది మర్యాదగా వాడే ప్రశంసావాచకమని, కాబట్టి దాని మీద ఒక సంఘానికి మాత్రమే హక్కు లేదని చెప్పారు. రాయి మీద ఆ రెండక్షరాలు చెక్కించుకోవడానికి ఆ తండ్రికి అనుమతి దొరికింది.

ఆ తీర్పులో మన పనికి వచ్చే మాట ఏమిటంటే, రెవరెండ్ మర్యాదకు సంబంధించినది, ఆస్తికి కాదు. అందుకే మీ సంఘం కాని వారి పేరు రాసేటప్పుడు మీ సంఘం కొలతతో కొలవకండి. వారి సంఘం వారిని అభిషేకించిందా, వారి సంఘంలో ఈ మాట వాడతారా అన్నదే చూడండి.

క్రైస్తవులు కాని వారిలోనూ ఇది కనిపిస్తుంది. బ్రిటన్ యూదుల ప్రార్థనా మందిరాల్లో రబ్బీ (యూదుల మతగురువు) కాని సేవకులను రెవరెండ్ అనడం ఉంది. అమెరికాలో స్థిరపడ్డ జపాన్ సంప్రదాయ బౌద్ధ గురువులు కూడా ఈ మాట వాడతారు.

రెండో మెట్టు: ఏ సంఘమో చూసి, ఎంతవరకు వెళ్లాలో నిర్ణయించండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వెరీ రెవరెండ్, రైట్ రెవరెండ్, మోస్ట్ రెవరెండ్ అనే మాటలు పెద్దరికాన్ని బట్టి మనం ఎంచుకునేవి కావు. ఒక్కో దానికి ఒక్కో స్థానం ఉంది. ఇందులో ‘రైట్’ అంటే కుడి అని గానీ సరైన అని గానీ అర్థం కాదు. పాత ఇంగ్లిషులో ‘చాలా, మిక్కిలి’ అనే అర్థం ఉండేది, ఇక్కడ అదే.

ఆంగ్లికన్ సంప్రదాయంలో, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, దానితో కలిసిన సంఘాల్లో, క్రమం ఇలా ఉంటుంది:

- డీకన్, గురువు (ప్రెస్బిటర్): రెవరెండ్
- కెనన్ (కథీడ్రల్‌తో అనుబంధం ఉన్న గురువు): రెవరెండ్ కెనన్
- ఆర్చిడీకన్ (బిషప్ కింద పరిపాలన చూసే గురువు): వెనరబుల్
- కథీడ్రల్ డీన్ (బిషప్ పీఠం ఉన్న ఆలయానికి పెద్ద): వెరీ రెవరెండ్
- బిషప్: రైట్ రెవరెండ్
- ఆర్చిబిషప్, ఆర్చిబిషప్ లేని చోట సంఘమంతటికీ ప్రధానంగా ఉండే బిషప్: మోస్ట్ రెవరెండ్

బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, పెంతెకోస్తు సేవకుల విషయంలో మామూలుగా రెవరెండ్ దగ్గరే ఆగిపోవాలి. సంఘం పెద్దదనో, టీవీలో కనిపిస్తారనో, వయసు డెబ్భై దాటిందనో రైట్ రెవరెండ్ రాయకూడదు. బిషప్ స్థానం ఉన్న సంఘాల్లో బిషప్‌కే అది.

స్కాట్లాండ్ సంఘంలో ఇంకో వింత ఉంది. అక్కడ బిషప్‌లు లేరు. ఏడాదికి ఒకరు జనరల్ అసెంబ్లీకి, అంటే సంఘం మహాసభకు, మోడరేటర్ (అధ్యక్షత వహించేవారు) అవుతారు. ఆ ఏడాది పాటు ఆ సేవకుణ్ని రైట్ రెవరెండ్ అంటారు. ఏడాది అయిపోగానే వెరీ రెవరెండ్ అవుతారు, జీవితాంతం అలాగే ఉంటారు. 2004లో ఆ స్థానంలోకి వచ్చిన మొదటి మహిళ అలిసన్ ఎలియట్ అభిషిక్త సేవకురాలు కాదు, సంఘ పెద్ద. కాబట్టి సంఘమంతటికీ మోడరేటర్‌గా ఉన్నా ఆమె డాక్టర్ ఎలియట్‌గానే ఉన్నారు. కుర్చీ ఎంత పెద్దదైనా అభిషేకం లేనిదే ఈ మాట రాదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

కథోలిక సంఘానికి వస్తే, గురువును రాతలో ‘రెవ. ఫాదర్’ అని, మాటలో ‘ఫాదర్’ అని అంటాం. తెలుగు కథోలికుల రాతల్లో ‘గురుశ్రీ’ అనే మాట కూడా ఉంది. నాకు అది చాలా ఇష్టం. చక్కగా మన భాషలో ఇమిడిపోయింది. మోన్సిన్యోర్ అనేది పోపు ఇచ్చే గౌరవం. ‘నా ప్రభూ’ అనే అర్థం ఉన్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. 2014 నుంచి మేత్రాసన (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) గురువుల్లో 65 ఏళ్లు నిండినవారికే కొత్తగా ఇవ్వాలని పోపు ఫ్రాన్సిస్ నియమం పెట్టారు. బిషప్, అంటే మేత్రాణులు, విషయంలో దేశాన్ని బట్టి తేడా ఉంది. బ్రిటన్‌లో కథోలిక బిషప్‌కు రైట్ రెవరెండ్, ఆర్చిబిషప్‌కు మోస్ట్ రెవరెండ్. అమెరికాలో ఇద్దరికీ మోస్ట్ రెవరెండే. కాబట్టి ఆ మేత్రాసనం నుంచి వచ్చిన ఉత్తరమో, కరపత్రమో దొరికితే అందులో ఎలా ఉందో అలాగే రాయండి. కార్డినల్‌కు ‘హిజ్ ఎమినెన్స్’ అని రాయాలి. 1630లో 8వ అర్బన్ పోపు ఇది కార్డినల్స్‌కు ఖాయం చేశారు. పోపు పేరు ముందు రెవరెండ్ ఏ రూపంలోనూ రాదు. ‘హిజ్ హోలీనెస్’ అని రాస్తారు.

మఠకన్యలను సిస్టర్ అంటే సరిపోతుంది. కొన్ని చోట్ల రెవరెండ్ సిస్టర్ అని రాస్తారు, అది కూడా మర్యాదే. మఠం పెద్దకు రెవరెండ్ మదర్ అనే వాడుక ఉంది.

‘వెనరబుల్’ విషయంలో మాత్రం తొందరపడకండి. ఆంగ్లికన్లలో అది ఆర్చిడీకన్‌కు. కథోలికుల్లో అది పునీత పట్టానికి వెళ్లే దారిలో ఒక మెట్టు, చనిపోయినవారికి వచ్చేది. బౌద్ధుల్లో భిక్షువు పేరు ముందు పెట్టేది. బతికున్న కథోలిక గురువుకు గౌరవంగా ఉంటుందని వెనరబుల్ అని రాస్తే ఎంత పొరపాటో ఆలోచించండి.

ఆర్థడాక్స్ సంఘాల్లో గురువులను మాటలో ఫాదర్ అనే పిలుస్తారు. పాత్రియార్క్‌లకు, అంటే అక్కడి ప్రధాన బిషప్‌లకు, వేరే గౌరవాలు ఉన్నాయి. వారి కార్యాలయం ఎలా రాస్తే అలా రాయడమే క్షేమం.

ఈ మాట వద్దనేవారూ ఉన్నారు

కొన్ని సంఘాలు ఈ మాటను వాడవు. క్వేకర్లు ఏ బిరుదూ పెట్టుకోరు. బ్రదరెన్ సంఘాల్లో అందరూ బ్రదరే, సిస్టరే. సాల్వేషన్ ఆర్మీలో కెప్టెన్, మేజర్ అని సైన్యం పేర్లు ఉంటాయి. దాని స్థాపకుడు విలియం బూత్ అంతకుముందు మెథడిస్టు సంఘంలో అభిషేకం పొందిన రెవరెండే. 1878లో సాల్వేషన్ ఆర్మీ అనే పేరు వచ్చాక జనరల్ బూత్ అయ్యారు. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ క్రమప్రకారం అభిషేకం పొందలేదు. రెవరెండ్ అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు, పాస్టర్ అనే మాటే నచ్చేది.

వీరి కారణాలు వాక్యంలోనే ఉన్నాయి. మత్తయి 23వ అధ్యాయంలో ప్రభువు, మీరు బోధకులని పిలిపించుకోవద్దు, భూమి మీద ఎవరికీ తండ్రి అని పేరు పెట్టవద్దు అంటాడు. పాత ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిల్లో ‘రెవరెండ్’ అనే మాట ఒకే ఒక్కచోట, 111వ కీర్తన 9వ వచనంలో వస్తుంది. అక్కడ అది దేవుని నామానికి వాడిన మాట. దేవునికి చెందిన మాట మనిషికి ఎలా పెడతారని వారు అడుగుతారు. ఇంకోవైపు 1 తిమోతి 5:17లో బాగా పాలించే పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని పౌలు రాశాడు. సేవను బట్టి ఇచ్చే గౌరవంలో తప్పు లేదని నా నమ్మకం. అయినా వద్దనేవారి మీద బలవంతంగా రుద్దడం గౌరవం కానే కాదు. ఆయన బ్రదర్ అని రాయమంటే బ్రదర్ అనే రాయండి. పక్కవాళ్లకు పొడవాటి బిరుదులు ఉన్నాయని, ఆయన పేరు చిన్నగా కనిపిస్తుందని మీరు టెన్షన్ పడకండి.

మూడో మెట్టు: వరస తప్పకుండా రాయండి

డాక్టరేట్ ఉన్నవారికి రెవరెండ్ ముందు, డాక్టర్ తర్వాత. ‘రెవ. డా. జె. సామ్యూల్ గారు’. ‘డా. రెవ.’ తప్పు. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో అభిషేకం పొందారు, 1955లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ పొందారు. ఆయన పేరు నిండుగా రాస్తే ‘రెవరెండ్ డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్’. ఈ పేరు గుర్తుంటే వరస గుర్తుంటుంది.

స్థానం, పని ఉంటే అవి పేరు తర్వాత రాయండి. ‘రెవ. జె. సామ్యూల్ గారు, సంఘ కాపరి’. ‘పాస్టర్ రెవ.’, ‘రెవ. పాస్టర్’ అని పక్కపక్కన గుచ్చకండి. రెండూ రాయాల్సి వస్తే ఒకటి పేరుకు ముందు, ఒకటి తర్వాత. బిషప్ విషయంలోనూ అంతే. ‘రైట్ రెవ. ఫలానా గారు, బిషప్’ అని రాయండి.

‘శ్రీ రెవ.’ అని రాయకండి. రెవరెండ్ ఉన్నచోట శ్రీ అక్కర్లేదు. ‘పూజ్య రెవరెండ్’, ‘గౌరవనీయులైన రెవరెండ్’ అంటే ఒకే అర్థాన్ని రెండు భాషల్లో రెండుసార్లు చెప్పినట్టు. ‘గారు’ మాత్రం తీసేయకండి. ఇంగ్లిషులో దాని అవసరం లేదు, తెలుగులో పేరు చివర గారు లేకపోతే ముందు ఎంత రాసినా మొరటుగా ఉంటుంది.

ఇంగ్లిషు మర్యాద ప్రకారం రెవరెండ్ తర్వాత పూర్తి పేరు రావాలి, ఇంటిపేరు ఒక్కటే రాకూడదు. అమెరికాలో ఈ నియమం సడలింది, రెవరెండ్ స్మిత్ అని పిలవడం అక్కడ మామూలే. మన రాతలో ఇనిషియల్‌తో సహా పూర్తి పేరు రాస్తే ఏ పేచీ ఉండదు. కుదించి రాయాలంటే ‘రెవ.’ చాలు. ఇంగ్లిషు అక్షరాల్లో బ్రిటన్ వారు చివర ‘డి’ కూడా కలిపి కుదిస్తారు, రెండూ సరైనవే. ఇద్దరు ముగ్గురు ఉంటే ‘రెవరెండ్లు’ అని కలపకుండా ఒక్కొక్కరి ముందు విడిగా రాయండి.

గౌరవ డాక్టరేట్ల సంగతి ఆయన ఇష్టానికి వదిలేయండి. ఆయన తన ఉత్తరాల్లో డా. అని వాడుకుంటే రాయండి, లేకపోతే వద్దు.

నాలుగో మెట్టు: రాసేది వేరు, పిలిచేది వేరు

రెవరెండ్ ప్రధానంగా రాతలో ఉండాల్సిన మాట. కవరు మీద, పత్రిక మీద, శిలాఫలకం మీద, సభలో మొదటిసారి పరిచయం చేసేటప్పుడు దాని చోటు. ఎదురుగా ఉన్న మనిషిని ‘రెవరెండ్, రండి’ అని పిలవడం పొసగదు. ‘పూజ్య, రండి’ అన్నట్టే ఉంటుంది. పిలిచేటప్పుడు పాస్టర్ గారు, అయ్యగారు, ఫాదర్ గారు, బిషప్ గారు అనండి.

వేదిక మీద మైకు మీ చేతిలో ఉంటే ఇలా చేయండి. మొదటిసారి నిండుగా, నెమ్మదిగా: ‘రెవరెండ్ డాక్టర్ జె. సామ్యూల్ గారు’. ఆ తర్వాత మొత్తం సభలో ‘పాస్టర్ గారు’ చాలు. ప్రతిసారీ మొత్తం చదివితే వినేవారు అలసిపోతారు, ఆయనా ఇబ్బంది పడతారు. వార్త రాసేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి. మొదటి ప్రస్తావనలో పూర్తిగా, తర్వాత పేరు, గారు.

ఉత్తరంలో కవరు మీద ‘రెవ. జె. సామ్యూల్ గారికి’ అని రాసి, లోపల మొదలుపెట్టేటప్పుడు ‘గౌరవనీయులైన పాస్టర్ గారికి’ అని రాయండి. ‘డియర్ రెవరెండ్’ అని మొదలుపెట్టకండి.

ఐదో మెట్టు: కుటుంబం, స్త్రీలు, విశ్రాంత సేవకులు

స్త్రీలకు వేరే రూపం లేదు. అభిషేకం పొందిన స్త్రీ కూడా రెవరెండే. ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందిన మొదటి మహిళ ఫ్లోరెన్స్ లీ టిమ్ ఓయ్, అది 1944లో. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 1994లో స్త్రీలను గురువులుగా అభిషేకించడం మొదలుపెట్టింది. 2015లో లిబ్బీ లేన్ ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ అయినప్పుడు ఆమెకూ రైట్ రెవరెండ్ అనే రాశారు. ‘లేడీ రెవరెండ్’ లాంటి మాటలు పుట్టించకండి. భర్తకు అభిషేకం ఉన్నంత మాత్రాన భార్యకు ఈ మాట రాదు, భార్యకు ఉన్నా భర్తకు రాదు. ‘రెవ. సామ్యూల్ గారు, శ్రీమతి ఎస్తేరు గారు’ అని విడివిడిగా రాయండి. ‘రెవ. దంపతులు’ అంటే ఇద్దరూ అభిషిక్తులే అన్నట్టు అవుతుంది. నిజంగా ఇద్దరూ అభిషిక్తులైతే ఇద్దరి పేర్ల ముందూ రాయండి. భార్య పేరు ముందు మర్చిపోవడం చాలాసార్లు చూశాను, అది బాధగా ఉంటుంది.

రిటైరైనా రెవరెండ్ పోదు. పోయేది బాధ్యత మాత్రమే. అందుకే ‘సంఘ కాపరి’ బదులు ‘విశ్రాంత సంఘ కాపరి’ అని మార్చాలి. పై మెట్లలో మాత్రం కొంత మార్పు ఉంటుంది. రోవన్ విలియమ్స్ 2002 నుంచి 2012 వరకు కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఉన్నంతకాలం మోస్ట్ రెవరెండ్. దిగిపోయాక ఆయన రైట్ రెవరెండ్, ఎందుకంటే ఆయన ఇప్పటికీ బిషపే. అభిషేక బాధ్యతలు పూర్తిగా వదిలేసి వెళ్లినవారి పేరు ముందు మాత్రం రాయకండి. మరణించినవారికి ‘కీ.శే. రెవ. ఫలానా గారు’ అనే వరస సరిపోతుంది.

మీరే రెవరెండ్ అయితే

కొత్తగా అభిషేకం పొందినవారికి ఇది. ఈ మాట ఇతరులు మీకు ఇచ్చేది. లెటర్‌హెడ్ మీద, విజిటింగ్ కార్డు మీద, సంఘం బోర్డు మీద ఉండడం మామూలే, చదివేవారికి అది సమాచారం. ఫోన్‌లో ‘నేను రెవరెండ్ ఫలానా మాట్లాడుతున్నాను’ అనడం మాత్రం నన్ను నేను పూజ్యుణ్ని అనుకున్నట్టు ఉంటుంది. ‘నేను ఫలానా సంఘం పాస్టర్‌ను, నా పేరు ఇది’ అనండి. సంతకం కింద పేరు, ఆ కింద సంఘ కాపరి అని రాస్తే నిండుగా ఉంటుంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఉన్నప్పుడు జస్టిన్ వెల్బీ ఉత్తరాల మీద సంతకం ‘జస్టిన్ కాంటువార్’ అని చేసేవారు. అంటే తన మొదటి పేరు, తన పీఠం లాటిన్ పేరు. మోస్ట్ రెవరెండ్ అనే మాట ఆ సంతకంలో ఎక్కడా ఉండదు.

చివరి మెట్టు: అచ్చుకు ముందు అడగండి

ఇన్ని తెలిసినా నేను ఇప్పటికీ ప్రతి పేరుకూ ఫోన్ చేస్తాను. ఆయనకు నేరుగా చేస్తే మొహమాటపడి ‘మీ ఇష్టం’ అనేస్తారు. ఆయన సంఘం కార్యదర్శికో, ఇంట్లోవాళ్లకో చేస్తే నిజం తెలుస్తుంది. ‘పత్రికలో అయ్యగారి పేరు ఎలా వేయాలి? ముందు ఏం రావాలి, పేరు తర్వాత ఏం రావాలి?’ అని అడగండి. ‘రెవరెండ్ వేయనా?’ అని అడగకండి, అలా అడిగితే కాదనడం కష్టం. వారు చెప్పింది అక్షరం అక్షరం రాసుకుని, ఆ పేరున్న వరస ఒక్కటే వాట్సాప్‌లో తిరిగి పంపండి. సరే అని జవాబు వచ్చాకే ప్రెస్సుకు ఫోన్ చేయండి.